రిజిస్టరులో ఎక్కిన పేరు

ఇటీవల నొక శుభకార్యమునకై మేము ఆత్మకూరు వెళ్లియుండగా, ఉదయగిరి ప్రాంతమునుండి వచ్చిన యొక తల్లి మమ్ము ప్రక్కకు బిలిచి యొక మాట యడిగినది. ఆమెకు ఒక్కతే కుమార్తె. ఇంటర్మీడియెటు పూర్తియైనది.

“అక్కయ్యా, పిల్ల నర్సు చదువు చదివెదనని పట్టుబట్టినది. వాళ్ల నాయనకును ఇష్టమే. ఒక స్కూలువారు ఇంటికే వచ్చి సీటు ఇచ్చెదమనిరి. భవనము గొప్పగా నున్నది. పొలముమీద అప్పు తెచ్చి చేర్పింతమనుకొనుచున్నాము. చేర్చవచ్చునా?”

మేము ఆమెకు బదులు చెప్పుటకు మారుగా మరియొక ప్రశ్న వేసితిమి: “అమ్మా, అక్కడ చదివి నెగ్గిన పిల్లల పేర్లు రాష్ట్ర నర్సుల కౌన్సిలు రిజిస్టరులో ఎక్కుచున్నవా?” ఆమె తెల్లబోయినది. అట్టి రిజిస్టరొకటి యున్నదనియే ఆమె యెరుగదు. ఆ తల్లికొరకును, ఆమెవంటి సోదరీమణులకొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బంగారము కొనునపుడు గీటురాతిమీద గీచి చూతుము. బియ్యము కొనునపుడు గుప్పిట బట్టి చూతుము. కాని జ్వరముతో కన్ను దెరువలేని రోగియు, నొప్పులు పడుచున్న గర్భిణియు, తమ ప్రక్క నిలిచిన నర్సు ఏమి నేర్చినదో పరీక్షింపగలరా? ఆ పరీక్ష ముందుగనే జరిగియుండవలెను. నియమిత కాలము చదివి, ఆసుపత్రిలో పని నేర్చి, పరీక్షలో నెగ్గినవారి పేర్లను ఒక అధికార సంఘము పుస్తకమున నెక్కించి యుంచును. దీనికే రిజిస్ట్రేషనని పేరు.

ఈ యేర్పాటు సులభముగా వచ్చినది కాదు. నర్సుల రిజిస్ట్రేషనునకై ప్రత్యేక శాసనమును మొదట చేసిన దేశము న్యూజీలాండు, అది 1901లో. మరుసటి సంవత్సరము ఎలెన్ డోహర్టీ యను నామె పేరు ఆ రిజిస్టరున మొదట నెక్కినది. ఇంగ్లండులో మాత్రము ముప్పదియేండ్లు వాదము నడచినది. శ్రీమతి బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ రిజిస్టరు కావలెనని పోరాడగా, సాక్షాత్తు ఫ్లారెన్సు నైటింగేలుగారే వలదనిరి. నర్సునకు ముఖ్యమైనది శీలము, అది పరీక్ష కాగితములకు అందదని వారి తలంపు. తుదకు 1919లో అక్కడను శాసనమైనది. ఇరువురి మాటలందును సత్యము కలదని మాకు దోచుచున్నది. చట్టము దయను పుట్టింపజాలదు. కాని విద్యలేని చేయి రోగిమీద పడకుండ నడ్డుపడగలదు.

మన నెల్లూరు మండలము చెన్నరాజధానిలో నున్న కాలమున, 1926లో, మద్రాసు నర్సుల, మంత్రసానుల శాసనము వచ్చినది. దానివలన నొక కౌన్సిలును, ఒక రిజిస్టరును ఏర్పడినవి. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినపుడు ఆ శాసనమే మనతో వచ్చినది. సహాయక నర్సు మంత్రసానులును, హెల్తు విజిటర్లును దాని పరిధిలో జేరిరి. ఇట్లు దాదాపు నూరేండ్ల క్రిందటి శాసనమే ఉదయగిరి పిల్ల వృత్తికిని పునాదియైనది.

అది వచ్చిన ఇరువదియేండ్లకును మన దేశమున నర్సులెందరు? 1946లో భోరు సంఘమువారు లెక్కవేసి, నలుబదిమూడువేల జనమునకు ఒక నర్సు, అరువదివేల జనమునకు ఒక మంత్రసాని యున్నట్లు తేల్చిరి. పిమ్మట 1947లో భారత నర్సింగు కౌన్సిలు శాసనము వచ్చినది. దేశమంతటను చదువు ఒకే మట్టముననుండునట్లు చూచుట ఆ కౌన్సిలు పని. పేర్లు నెక్కించుకొనుట రాష్ట్ర కౌన్సిళ్ల పని. ఇట్లు రెండు తాళములతో ఈ వృత్తికి రక్ష కల్పించిరి.

పట్టణములకంటె ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలవంటి చోట్లనే ఈ రక్ష ఎక్కువ అవసరమని మా యభిప్రాయము. నెల్లూరు పెద్దాసుపత్రిలో నొకరు పొరపాటు చేసినచో దిద్దుటకు నలుగురుందురు. ఉదయగిరి నెల్లూరునకు సుమారు నూరు కిలోమీటర్లు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో అమెరికను బాప్టిస్టు మిషనువారు ఉదయగిరిలో నాసుపత్రి నడిపిన కాలమున కొండప్రక్క పల్లెలవారికి ఎద్దులబండియే గతి. నేడు బస్సులును, అంబులెన్సులును కలవు. ఐనను అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చినచో మొదట చేరునది దగ్గరనున్న నర్సే. అప్పుడు రక్తస్రావమును గుర్తించుటయు, జాగుచేయక పెద్దాసుపత్రికి పంపుటయు ఆమె యొక్కతె వివేకముమీద నుండును. ఆ వివేకము శిక్షణవలన వచ్చునదే గాని తెల్లదుస్తులవలన వచ్చునది కాదు.

తెల్లదుస్తుల మాట వచ్చినది గనుక మరొక సంగతి. చిన్న చిన్న ప్రైవేటు ఆసుపత్రులలో కొందరు ఆడపిల్లలను తక్కువ జీతమునకు దెచ్చి, చూచి నేర్చుకొమ్మని సూదిమందు చేతికిచ్చుట మేమెరుగుదుము. ఆ పిల్లలను నిందింపము. కష్టపడి యింటిని పోషించుకొనువారు. కాని పదియేండ్లు పనిచేసినను వారి పేరు ఏ రిజిస్టరునను ఎక్కదు. ప్రభుత్వోద్యోగము రాదు; రిజిస్ట్రేషను అడుగు పరదేశములు వారిని నర్సులుగా రానీయవు. పొరపాటు జరిగినప్పుడు మాత్రము నింద వారిమీదనే పడును. రిజిస్టరు రోగికే గాక నర్సునకును కవచమని మేము చెప్పుట ఇందువలననే.

2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను శాసనమును చేసినది. 1947 నాటి శాసనమునకు మారుగా వచ్చిన ఈ చట్టము దేశమునకొక కమిషనును, రాష్ట్రములకు కమిషనులను, జాతీయ రిజిస్టరును విధించినది. రిజిస్టరులో పేరులేక నర్సుగా వృత్తి చేయువారికి ఒక యేడాదివరకు కారాగారమో, అయిదులక్షల రూపాయలవరకు జరిమానాయో, రెండునో శిక్షగా నిర్ణయించినది. శాసనము కాగితముమీద నున్నంతమాత్రమున చాలదు; అడుగువారుండవలెను. ఆ యడుగువారు మనమే కావలెను.

కావున పిల్లను నర్సింగులో చేర్పించు తల్లి అప్పు పత్రముమీద వ్రేలుముద్ర పడకముందే మూడు ప్రశ్నలు వేయవలెను. ఆ చదువు ఏది? సహాయక నర్సు మంత్రసాని శిక్షణ రెండేండ్లు, జనరల్ నర్సింగు డిప్లొమా మూడేండ్లు, బి.ఎస్‌సి. నర్సింగు నాలుగేండ్లు, ఆరునెలలలో నర్సును చేసెదమనువారి మాట నమ్మదగదు. ఆ సంస్థకు నర్సుల కౌన్సిలు గుర్తింపు ఈ యేటికి నున్నదా? దానిని సంస్థవారి బోర్డుమీద గాక కౌన్సిలువారి పట్టికలోనే చూచుకొనవలెను. మునుపు చదివిన పిల్లల పేర్లు రిజిస్టరున నెక్కినవా? ఇరుగుపొరుగు రాష్ట్రములలో చదివించువారు, అక్కడి రిజిస్టరునుండి మన రాష్ట్ర రిజిస్టరునకు మార్చుకొను విధమును గూడ ముందే తెలిసికొనవలెను. ఇంట ముసలివారికి నర్సును పెట్టుకొనువారును రిజిస్ట్రేషను సంఖ్య నడుగుటకు సంకోచింపరాదు. నిజమైన నర్సు దానిని గర్వముతోనే చూపును.

ఆత్మకూరులో మమ్మడిగిన తల్లి వారము దినములకు ఫోను చేసినది. ఆ స్కూలువారిని రిజిస్టరు మాట యడుగగా, “తరువాత చూచుకొందమమ్మా, ముందు డబ్బు కట్టుడు” అనిరట. ఆమె కట్టలేదు. పిల్లకు కొంచెము కోపము వచ్చినదట గాని, ఇప్పుడు కౌన్సిలు పట్టికను తానే తెప్పించుకొని చూచుచున్నదట. పొలము నిలిచినది, పిల్ల కోరికయు నిలిచినది. ఒక్క యేడాది జాగైనను కానిమ్ము. ఆ పిల్ల పేరు ఎక్కవలసిన పుస్తకములో నెక్కుగాక యని మేము కోరుచున్నాము.