పప్పీనే కావాలా? ఒకసారి పెద్ద కుక్క గురించి కూడా ఆలోచించండి

కామెంట్లలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఏ బ్రీడ్ పప్పీ తీసుకోవాలి?" అని. ఈరోజు నేను తిరిగి అడుగుతున్నా. పప్పీనే ఎందుకు?

రెండేళ్ల కింద నేను కూడా పప్పీ కోసమే హైదరాబాద్‌లో ఒక షెల్టర్‌కి వెళ్లాను. పప్పీల దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఓ మూలన 8 ఏళ్ల లాబ్రడార్ ఒక్కటే పడుకుని ఉంది. పేరు బ్రూనో. పెంచినవాళ్లు అమెరికా వెళ్తూ వదిలేశారట. పేరు పెట్టి పిలిస్తే మెల్లగా లేచొచ్చి నా మోకాలికి తల ఆనించాడు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఒకటే మాట. "ఇంకెన్నాళ్లు ఉంటుందిరా అది? తెచ్చుకుని ఏడవడానికా?" లాబ్రడార్లు మామూలుగా 10 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి. అంటే అమ్మ అడిగిందాంట్లో తప్పేం లేదు. జవాబు చివర్లో చెప్తా.

మొదటి లాభం, ఏం తెచ్చుకుంటున్నామో ముందే తెలుస్తుంది. పప్పీ ఎంత పెద్దదవుతుందో, ఎలాంటి స్వభావం వస్తుందో కచ్చితంగా చెప్పలేం. పెద్ద కుక్క అయితే సైజు కళ్లముందే ఉంటుంది. పిల్లలతో ఎలా ఉంటుంది, ఎందుకు వదిలేశారు, టీకాలు, ఆపరేషన్ అయ్యాయా, ఇవన్నీ షెల్టర్ వాళ్లని అడగండి.

రెండోది టైమ్. రెండు నెలల పప్పీని రాత్రి కూడా లేచి బయటికి తీసుకెళ్లాలి. సుమారు 4 నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకాలు. పళ్లు మారేటప్పుడు చెప్పులు, చార్జర్ వైర్లు ఏవీ మిగలవు. ఉద్యోగం చేసేవాళ్లకి ఇది చాలా కష్టం. బ్రూనోకి పొద్దున, సాయంత్రం నింపాదిగా ఒక నడక చాలు. మిగతా టైమ్ నిద్రే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు కదా? కుక్కల విషయంలో ఆ సామెత పనిచేయదు. లిఫ్ట్ అంటే భయపడేవాడు, బిస్కెట్ ముక్కలతో వారంలో ఎక్కడం నేర్చుకున్నాడు.

పిల్లి అయినా అంతే. పిల్లి పిల్లలు రాత్రంతా దూకుతూనే ఉంటాయి. పెద్ద పిల్లి కొత్తలో మంచం కింద దాక్కుంటుంది, బలవంతంగా లాగకండి. కానీ ఒకరోజు దాటినా ఏమీ తినకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

ఇప్పుడు కష్టాలు కూడా చెప్పాలి. వయసైన జంతువులకి కీళ్ల నొప్పులు, పళ్ల సమస్యలు, కిడ్నీ జబ్బులు వస్తాయి. ఆరు నెలలకోసారి చెకప్ మంచిది, దానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి. మా ఇంట్లో టైల్స్ మీద జారుతున్నాడని దారి పొడుగునా మ్యాట్లు వేశాం. ఇంకో ముఖ్యమైన విషయం, నొప్పి అని మన మాత్రలు ఇవ్వొద్దు. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు.

సరే, అమ్మ ప్రశ్న. బ్రూనోకి ఇప్పుడు 10 ఏళ్లు. ఎన్నాళ్లు ఉంటాడో నాకూ తెలీదు. ఏడుస్తామా అంటే, ఏడుస్తాం. కానీ తీసుకురాకపోతే వాడి ఆఖరి రోజులు ఆ మూలనే గడిచేవి. ఈ రెండేళ్లూ వాడు గుమ్మం దగ్గర నాకోసం ఎదురుచూశాడు. వద్దన్న అమ్మే ఇప్పుడు ఫోన్ చేస్తే ముందు "వాడు తిన్నాడా?" అని అడుగుతుంది, నా సంగతి తర్వాతే.

కాబట్టి ఈసారి షెల్టర్‌కి వెళ్తే పప్పీల దగ్గరే ఆగిపోకండి. ఆ మూల వరకూ వెళ్లి, ఒకసారి పేరు పెట్టి పిలిచి చూడండి. మీ ఇంట్లో కూడా ఇలాంటి పెద్దాయనో పెద్దావిడో ఉంటే కామెంట్‌లో పేరు చెప్పండి. మళ్లీ కలుద్దాం, బై.