ఒక పుటం చిక్కుడు గింజ, ఒక పుటం శనగ గింజ

ముక్కు సర్జరీ అయి నాలుగు నెలలైంది. అద్దంలో ఎదురుగా చూసుకుంటే బాగానే ఉంది. తల వెనక్కి వాల్చి కింద నుంచి ఫోన్‌తో ఫొటో తీస్తే మాత్రం ఒక పుటం చిక్కుడు గింజలా, రెండోది శనగ గింజలా! మళ్లీ చేయించుకుందామా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

ఆ ఫొటోను మరీ అంత నమ్మొద్దు. అడుగు దూరంలో తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసినదానికన్నా సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. అసలు సర్జరీ జోలికే పోనివాళ్లకైనా రెండు పుటాలూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఆపరేషన్‌కు ముందటి ఫొటోలు తీసి చూడండి. తేడా అప్పుడే ఉండి ఉండొచ్చు. అప్పట్లో చూపంతా ముక్కు దూలం మీది బొడిపె మీదే కదా.

నిజంగానే వంకర ఉంటే, దాని మూలం చాలాసార్లు పుటంలో ఉండదు. రెండు రంధ్రాల నడిమి గోడ ముందుకొన ఒరిగితే ఆ పక్క రంధ్రం ఇరుకవుతుంది. గుంజ ఒరిగిన పందిరికి ఆకులు కత్తిరించి లాభమేముంది? గుంజను నిలబెట్టాలి. పుటం అంచు పైకి లాక్కుపోతే మాత్రం కథ వేరు. లోపలి మచ్చ బిగుసుకుని లాగుతూ ఉండొచ్చు, లేదా మొదటిసారి కార్టిలేజ్ ఎక్కువ తీసేసి ఉండొచ్చు. దానికి ఒక్కోసారి చెవి డిప్ప నుంచి చర్మంతో సహా చిన్న ముక్క తెచ్చి అతుకుతారు. వెడల్పు మిగిలిన పుటాన్ని అడుగు భాగంలో రెండు మూడు మిల్లీమీటర్లు కోసి కుట్టడం తేలికే. ఇరుకైపోయినదాన్ని మళ్లీ విప్పడమే మహా కష్టం. అందుకే ఇక్కడ పిసినారి సర్జనే మంచి సర్జన్.

రెండో విడత పని కొత్తదేం కాదు. తెగిన ముక్కును చెంప చర్మంతో కట్టి, పుటాల్లో రెండు గొట్టాలు పెట్టమన్న సుశ్రుత సంహితే, మానాక పొట్టిగా ఉంటే పెంచమనీ, మాంసం మితిమీరితే సరిచేయమనీ చెప్పింది.

రెండో సర్జరీకి సాధారణంగా ఏడాదైనా ఆగమంటారు. ముక్కు కొన వాపు అన్నిటికన్నా చివర దిగుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఆలస్యం. ఊపిరి ఆడకపోతే మాత్రం ఏడాది లెక్క పెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించాలి. ఈలోగా మొదటి ఆపరేషన్ నోట్స్ అడిగి తెచ్చుకోండి. నడిమి గోడ నుంచి ఎంత కార్టిలేజ్ తీశారో అందులో ఉంటుంది. అక్కడ మిగల్లేదంటే ఈసారి చెవినో, పక్కటెముకనో అడగాల్సి వస్తుంది.