సెలయేటికి దక్కవలసిన వాటా

నీటిని గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పొలానికెంత, పట్టణానికెంత, పరిశ్రమకెంత అని లెక్క వేస్తాం. ఏటిలోనే ఎంత నీరు మిగలాలి అన్న ప్రశ్న ఆ లెక్కలో చాలాకాలం చోటు చేసుకోలేదు. అమెరికాలోని పర్వతమయమైన కొలరాడో రాష్ట్రం ఈ ప్రశ్నకు చట్టరీత్యా సమాధానం వెదకినది. ఆ సమాధానం ఎట్లు రూపొందినదో, ఒక కొండవాగులో నీటి లభ్యతను ఏ విధంగా నిర్ణయిస్తారో విద్యార్థులకు తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం పుట్టుక

కొలరాడోలో నీటి హక్కులకు మూలసూత్రం ఒక్కటే: ముందు వాడుకొన్నవానిది ముందు హక్కు. 1876 నాటి రాజ్యాంగం ఈ సూత్రాన్ని అంగీకరించగా, 1882లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దానిని మరింత దృఢపరచినది. అయితే హక్కు పొందడానికి నీటిని ఏటినుండి బయటకు మళ్ళించడం తప్పనిసరిగా భావించబడేది. కాలువ త్రవ్వినవానికి హక్కు వచ్చినది గాని, ఏటికి మాత్రం రాలేదు. ఫలితంగా కొన్ని వాగులు వేసవి చివరన రాళ్ళు తేలి కనిపించేవి.

1973లో ఆ రాష్ట్ర శాసనసభ ఈ లోపాన్ని సవరించినది. ప్రకృతిని తగినంత మేరకు కాపాడేందుకు ఏటిలోనే నీటిని నిలిపి ఉంచే హక్కును పొందే అధికారం కొలరాడో జల సంరక్షణ మండలికి లభించినది. అయితే మండలి మూడు విషయాలను నిర్ధారించవలసి ఉంటుంది. మొదటిది, కాపాడదగిన సహజ జీవనం ఆ ఏటిలో ఉన్నదా? రెండవది, దానిని కాపాడడానికి చాలినంత నీరు లభ్యమవుతుందా? మూడవది, ఇతరుల హక్కులకు భంగం కలుగకుండా ఉంటుందా? మనకిక్కడ ప్రధానమైనది రెండవ ప్రశ్న.

అవసరమెంత?

లభ్యతకు ముందు అవసరాన్ని కొలవాలి. ఏటిలో రాళ్ళమీదుగా నీరు పలుచగా పరుగెత్తే చోట్లు ఉంటాయి. ప్రవాహం తగ్గినప్పుడు మొదట ఎండేవి అవే. చేపలకు ఆహారమైన పురుగులు పెరిగేదీ అక్కడే. అందుచేత అట్టి చోటును ఎన్నుకొని, ఏటికి అడ్డంగా కొలతలు తీస్తారు. చిన్న సెలయేళ్ళకు సగటు లోతు కనీసం 0.2 అడుగు, సగటు వేగం సెకనుకు 1 అడుగు ఉండాలనీ, ఏటి అడుగుభాగపు చుట్టుకొలతలో కనీసం సగం తడిసి ఉండాలనీ నియమం. వేసవిలో ఈ మూడు నియమాలూ, శీతకాలంలో ఏవైనా రెండూ నెరవేరవలెను. అందుకు ఎన్ని క్యూసెక్కులు కావలెనో గణించి చెబుతారు. ఒక క్యూసెక్కు అనగా సెకనుకు సుమారు 28.3 లీటర్లు.

లభ్యత ఎంత?

ఇక్కడనే జాగ్రత్త అవసరం. మంచుతో పుట్టిన వాగు మే, జూన్ మాసాలలో ఉరకలు వేసి, శరత్కాలానికి సన్నగిల్లి, చలికాలంలో మంచుపొరక్రింద నిశ్శబ్దంగా పారుతుంది. మూడు నెలలు 120, తొమ్మిది నెలలు 10 క్యూసెక్కులు పారే ఒక వాగును ఊహించుకొందాం. దాని వార్షిక సగటు 37.5 క్యూసెక్కులు. ఈ సగటును నమ్మి 20 క్యూసెక్కులు నిలుపుతామని వాగ్దానం చేసినచో, సంవత్సరంలో తొమ్మిది నెలలు ఆ మాట నీటిమీద వ్రాతయే అవుతుంది.

కావున లెక్క రోజువారీగా సాగవలెను. ఒకే తేదీన అయిదు సంవత్సరాలలో ప్రవాహం 6, 7, 8, 9, 40 క్యూసెక్కులు అనుకొందాం. సగటు 14, మధ్యగతం 8. ఒక్క వరద సంవత్సరం సగటును పైకి లాగినది, మధ్యగతం చలించలేదు. కనుకనే మండలివారు అనేక సంవత్సరాల దినసరి ప్రవాహపు మధ్యగతాన్ని రేఖాపటంగా గీసి, కోరిన ప్రవాహం ఆ రేఖకు లోబడి ఉన్నదో లేదో పరిశీలిస్తారు. శీతకాలంలో రేఖ క్రిందికి దిగితే కోరికనూ దించుతారు.

ఈ తర్కం తెలుగువారికి క్రొత్తది కాదు. అదే 1973లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాజలాలను మూడు రాష్ట్రాలకు పంచుతూ సగటును గాక, 75 శాతం విశ్వసనీయతతో లభించే 2,060 టి.ఎం.సి.లను ఆధారంగా గైకొన్నది. నికర జలాలు, మిగులు జలాలు అన్న మాటలు మన వార్తాపత్రికలలో స్థిరపడినది ఈ వివాదం వల్లనే. అక్కడ లెక్క వాడుక కొరకు. కొలరాడోలో ఏటి కొరకు. రెండుచోట్లా నమ్మదగిన నీటినే పంచవలెనన్న వివేకం ఒక్కటే.

వాగుపై ప్రవాహమాపక కేంద్రం లేనప్పుడు పొరుగున ఉన్న కేంద్రాన్ని ఆశ్రయిస్తారు. అక్కడి పరీవాహక ప్రాంతం 60 చదరపు మైళ్ళు, ప్రవాహం 90 క్యూసెక్కులు అయితే, 20 చదరపు మైళ్ళ మన వాగుకు 30 క్యూసెక్కులని అంచనా. కాని రెండు లోయల ఎత్తు, మంచు, ఎండ తగిలే దిశ ఒకే తీరున ఉండాలి. ఎగువన కాలువలు తీసుకొనే నీటిని లెక్కించాలి. ఆపైన వాగు ఒడ్డునకు వెళ్ళి స్వయంగా కొలిచి అంచనాను సరిచూడాలి.

స్నోమాస్ వాగు కథ

ఈ లెక్కలకు ఎంత విలువ ఉన్నదో స్నోమాస్ వాగు చెబుతుంది. ఎల్క్ పర్వతాలలో పుట్టే ఈ వాగులో 12 క్యూసెక్కులు నిలిపి ఉంచడానికి మండలి 1976 నాటి ప్రాధాన్యంతో హక్కు పొందినది. 1980లో జలన్యాయస్థానం దానిని ధ్రువపరచినది. పొరుగు లోయలోని స్కీ క్రీడాకేంద్రంలో కృత్రిమంగా మంచు తయారు చేయడానికి ఈ వాగు నీటిపైనే దృష్టి పడినది. మంచు తయారీ సాగేది చలికాలపు తొలినాళ్ళలో. వాగు సన్నబడేదీ అప్పుడే. శరత్తులో గులకరాళ్ళ మధ్య గ్రుడ్లు పెట్టే బ్రౌన్ ట్రౌట్ చేపల సంతానం నీటి అడుగున ఉండేదీ అప్పుడే.

1992లో మండలి, మొదటి గణనలో పొరపాటు ఉన్నదనీ, శీతకాలంలో 12 క్యూసెక్కులకన్న తక్కువ చాలుననీ నిర్ణయించినది. ప్రకృతి పరిరక్షకులు న్యాయస్థానానికి వెళ్ళారు. 1995లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం, ధ్రువపడిన హక్కు ప్రజల తరఫున మండలి చేతిలో ఉంచిన సొత్తు వంటిదనీ, జలన్యాయస్థానాన్ని ఆశ్రయించకుండా మండలి తనంత తానుగా దానిని తగ్గించరాదనీ తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరం శాసనసభ అటువంటి తగ్గింపునకు బహిరంగ విచారణతో కూడిన పద్ధతిని నిర్దేశించినది.

ఇందలి నీతి ఇరువైపులకూ వర్తిస్తుంది. అంచనా ఎక్కువైతే, దానిని తగ్గించవలెనన్న వాదానికి దారి ఏర్పడుతుంది. తక్కువైతే, మిగిలిన నీటిపై మరొకరు హక్కు సంపాదిస్తారు. ఆ తరువాత ఏరు ఎన్నడూ దానిని అడుగలేదు. పైగా ఈ హక్కు లేని నీటిని పుట్టించదు. తనకన్న ముందున్న హక్కులను త్రోసిపుచ్చదు. తన తరువాత వచ్చినవారి నుండి మాత్రమే ఏటిని కాపాడుతుంది.

మనకు గల బోధ

ఇస్లామీయ ధర్మశాస్త్రం నీటి హక్కులలో పొలం తడుపుకొనే హక్కును షిర్బ్ అనీ, మనుష్యులూ పశువులూ దాహం తీర్చుకొనే హక్కును షఫా అనీ వేరుచేసి చెప్పినది. మూగజీవికి కూడ నీటిపై హక్కు కలదన్న భావన మన పెద్దలకు పరిచితమే. నేటి శాస్త్రం చేసినదల్లా ఆ హక్కు పరిమాణాన్ని క్యూసెక్కులలో చెప్పడం.

విద్యార్థులు ఈ పనిని తమ సమీపంలోని వాగుపై ప్రారంభించవచ్చును. ఏటి వెడల్పు, లోతులు కొలిచి అడ్డుకోత వైశాల్యం కట్టండి. తిన్నగా పారే చోట ఒక నారింజపండును వదలి, నిర్ణీత దూరం పోవడానికి పట్టిన కాలాన్ని బట్టి వేగం తెలుసుకొనండి. నీటి ఉపరితలం లోపలి నీటికన్న వేగంగా కదులుతుంది గనుక ఆ వేగాన్ని సుమారు 0.85 చేత గుణించి, వైశాల్యంతో హెచ్చించండి. వానకాలంలో ఒకసారి కాదు, ఏడాది పొడవునా, ముఖ్యంగా వేసవిలో కొలవండి. ఏళ్ళ తరబడి వరుసగా వ్రాసిన అట్టి పుస్తకం ఏ కళాశాలకైనా గర్వకారణమే.

మనం నిత్యం పలికే 'హక్కు' అన్న మాట అరబ్బీ నుండి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చినది. ఆ భాషలో దానికి సత్యమనే అర్థం కూడ కలదు. నీటి విషయంలో ఈ రెండర్థాలూ విడదీయరానివి. సత్యమైన కొలత ఉన్నచోటనే ఏటి హక్కు నిలుస్తుంది.