గాలం... విమానం ఎక్కాలంటే!

భద్రాచలం దగ్గర గోదారి ఒడ్డున చేపలు పట్టేందుకు వెదురుకర్ర, దారం, కొక్కెం, కాసిని ఎర్రలు ఉంటే చాలు. మరి, ఆస్ట్రేలియాలోని పిల్లల దగ్గరికి వెళ్తూ అక్కడా గాలం వేయాలనుకుంటే? అంత పొడవు కర్ర సూట్‌కేసులో పట్టదుగా! అలాంటివారి కోసమే ముక్కలుగా విడదీసే ట్రావెల్‌ స్పిన్నింగ్‌ రాడ్లు.

ఏడడుగుల రాడ్డు నాలుగు ముక్కలైతే ఒక్కోటీ రెండడుగులకు మించదు. ఒకదాన్లోకి ఒకటి దూరే టెలిస్కోపిక్‌ రకం ఇంకా చిన్నగా సర్దుకుంటుంది కానీ, పెద్ద చేపకు ముక్కల రాడ్డే నయం. గోదావరి సముద్రంలో కలిసేచోట దొరికే పండుగప్పనే ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. గాలానికి పడగానే నీళ్లమీదికి ఎగిరి తల విదిలిస్తుంది. మునిగిన మొద్దుల్లోకి దూరాలని చూస్తుంది. దాన్ని ఆపాలంటే గట్టి రాడ్డు ఉండాల్సిందే. అందుకే సంచిని కాదు, చేపను బట్టి రాడ్డు ఎంచుకోవాలి. ఎన్ని గ్రాముల ఎరను విసరొచ్చో పిడి పైభాగంలో రాసి ఉంటుంది. కార్బన్‌ ఫైబర్‌ది తేలిక, కానీ దెబ్బ తగిలితే విరుగుతుంది. ఫైబర్‌గ్లాస్‌ది కాస్త బరువైనా మొండిది. ఏదైనా గట్టి గొట్టంలో పెట్టి, కొక్కేలతో సహా చెకిన్‌ లగేజీలోనే వేయాలి.

కొన్నాక ఓ ఆదివారం గోదారి మీదే పరీక్షించి చూడాలి. అతుకులు వదులైతే ఇక్కడే తెలిసిపోతుంది. తర్వాత శుభ్రంగా కడిగి ఆరబెట్టాలి. వాడిన రాడ్డుకు మట్టి అంటి ఉంటే ఆస్ట్రేలియా విమానాశ్రయంలో ఇబ్బందే. వాడిన రాడ్డు సంగతి అధికారులకు ముందే చెప్పడం తప్పనిసరి.

ఎర్రల డబ్బా మాత్రం ఇంట్లోనే!