స్విచ్చి సి.పి.యు.కు భారమెందులకు కలుగును?

మా పాఠశాలలో కంప్యూటరు గదియు, కార్యాలయమును ఒకే స్విచ్చిపై ఆధారపడియున్నవి. ఒక ఉదయమున రెండుచోట్లను పని నిలిచిపోయెను. స్విచ్చిలోని సి.పి.యు. నూటికి 99 పాళ్లు పనిలో మునిగియుండెను. పెట్టె పాతబడినదనియు, క్రొత్తదానికై తల్లిదండ్రులను చందా అడుగవలెననియు కొందరనిరి. అడుగుటకు ముందు కారణము విచారింపవలెనని మేము తలచితిమి. అందు బోధపడిన సంగతులను ఇచట మనవి చేయుచున్నాము.

స్విచ్చిలో సామాన్య సమాచారమును మోయునది సి.పి.యు. కాదు. ఏ ఫ్రేము ఏ పోర్టునకు పోవలెనో ప్రత్యేకమైన చిప్పులే నిర్ణయించి పంపును. సి.పి.యు. పూర్వపు గ్రామ మునసబు వంటిది. టపా అంతయు అతని చేతిమీదుగా పోదు. తన పేర వచ్చిన కాగితములనే అతడు చూచును. కాని ఊరిలో వేసిన దండోరా అతని చెవినిగూడ పడును. అందరికిని పంపు బ్రాడుకాస్టు ఫ్రేములే ఈ దండోరా.

ఒకే స్విచ్చిని అనేక స్విచ్చులవలె విభజించు ఏర్పాటునకు వీలాన్ అని పేరు. ఒకే తీగపై పలు వీలాన్లు పోవునపుడు, ప్రతి ఫ్రేమునకును 4 బైట్ల ట్యాగు, అనగా చీటి, తగిలింతురు. అందలి సంఖ్యకు 12 బిట్లు గలవు. 1 మొదలు 4094 వరకు వాడవచ్చును. 802.1క్యూ అను ఈ ప్రమాణము 1998లో వెలువడినది. మా కార్యాలయము 10వ వీలాన్. కంప్యూటరు గది 20వది.

వేరుపడియున్న ఈ రెండును ఒకేసారి ఏల చెడవలెను? చీటీలు దండోరాలను వేరుచేయునే గాని సి.పి.యు.ను వేరుచేయవు. మా స్విచ్చికి రెండు వీలాన్లలోను చిరునామా కలదు. కావున రెండింటి దండోరాలును ఒక్క సి.పి.యు.కే చేరును. 20లోని ఉపద్రవమున మునిగిన సి.పి.యు., 10వారి మనవులకు బదులీయజాలకపోయెను.

పోర్టుల లెక్కలు చూడగా, 20కి చెందిన రెండు పోర్టులలో బ్రాడుకాస్టులు క్షణక్షణము పెరుగుచుండెను. ఒకే కంప్యూటరు చిరునామా ఒకమారు ఈ పోర్టునను, ఒకమారు ఆ పోర్టునను కానవచ్చెను. ఇది త్రోవ వలయమైనదనుటకు గురుతు. ఐ.పి. పొట్లము ఇన్ని అంచెలే దాటవలెనను పరిమితి కలది. ఈథర్నెట్టు ఫ్రేమునకు అట్టి పరిమితి లేదు. వలయమున చిక్కిన దండోరా ఆగక తిరుగుచునే యుండును.

గదిలోనికి పోయి చూచితిమి. వేగము హెచ్చునని తలచి, ఒక విద్యార్థి అచటి చిన్న స్విచ్చినుండి గోడకు రెండవ తీగను తగిలించియుండెను. దానిని తీయగానే భారము తగ్గెను. ఇట్టి వలయములను త్రుంచుటకు రేడియా పెర్ల్‌మన్ 1985లో స్పానింగ్ ట్రీ అను పద్ధతిని కనుగొనిరి. మా స్విచ్చిలో అది ఆపివేయబడియుండెను. దానిని మరల నడిపించితిమి. బ్రాడుకాస్టులకు హద్దు విధించితిమి. ప్రతి ట్రంకు తీగపైనను అవసరమైన వీలాన్లనే ఉంచితిమి.

చందా వసూలు చేయవలసిన పని లేకపోయెను. ఆ విద్యార్థిని దండింపలేదు; వలయమెట్లు ఏర్పడినదో తోటివారికి నల్లబల్లపై గీసి చూపుమని అతనికే అప్పగించితిమి. యంత్రము అలసినపుడు దానిని మార్చుటకు ముందు, దాని తలుపు తట్టుచున్నదెవరో విచారించుట మేలు.