మాగిన పండు పోసి దుప్పిని రప్పిస్తే అదీ వేటే!

మామిడి కోత చివరికొచ్చేసరికి ప్రతి తోటలోనూ గాలికి రాలినవి, మిగలపండినవి, పురుగు పట్టినవి గుట్టలు పడతాయి. మండీకి తోలితే బండి కిరాయి కూడా గిట్టదు. కూలీలను పెట్టి పూడ్పించడం దండగనిపిస్తుంది. అందుకే చాలామంది రైతులు వాటిని గంపలకెత్తి కంచె అవతల, అడవి అంచున పోసి చేతులు దులుపుకుంటారు. మీ తోట ఏ నల్లమల పక్కనో, శేషాచలం కిందనో ఉంటే మాత్రం ఆ గుట్ట సంగతి కాస్త ఆలోచించాలి. దాని వాసనకు దుప్పులొస్తాయి. దుప్పుల కోసం మనుషులొస్తారు.

పండు మాగేకొద్దీ అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. తొక్క పగిలిందంటే గాలిలో ఉండే ఈస్టు ఆ చక్కెరను పులియబెడుతుంది. కల్లు కుండ దగ్గర వచ్చేలాంటి పుల్లటి తీపి వాసన అప్పుడే పుడుతుంది. దుప్పికి కంటి కంటే ముక్కు మీద నమ్మకం ఎక్కువ. గాలి వాలు కుదిరితే దూరం నుంచే పసిగడుతుంది. అడవిలో కూడా అది గడ్డి ఒక్కటే తిని బతకదు. రాలిన ఉసిరి, రేగు, మేడి పండ్లు, ఇప్పపూలు ఏరుకుని తింటుంది. ఉసిరికాయ మింగి, తీరిగ్గా నెమరేసేటప్పుడు గింజను బయటికి ఉమ్మేస్తుంది. ఉసిరి మొక్కలు అడవిలో అక్కడా ఇక్కడా మొలవడంలో దీని చెయ్యి చాలా ఉంది. కొండముచ్చులు చెట్టెక్కి సగం కొరికి పడేసిన కాయల కోసం కింద దుప్పుల మంద కాచుకుని ఉండడం అడవి తెలిసినవాళ్లందరూ చూసిందే. అలాంటి జంతువుకు ఎండాకాలం చివర, మేత ఎండి, నీళ్లు అడుగంటిన రోజుల్లో ఒకేచోట గంపెడు పండు దొరికితే మర్నాడూ అక్కడికే వస్తుంది. వేటగాడికి కావలసింది కూడా అదే. అడవంతా తిరిగే పని లేకుండా జంతువే వేళకు వచ్చి నిలబడుతుంది.

అందుకని కొందరు ముందు రైతు దగ్గరికే వస్తారు. "ఎలాగూ పారబోసే కాయలే కదన్నా, ఆ చింతచెట్టు కింద పోయించు, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. చేతిలో నాలుగు నోట్లు పెడతారు, లేదా వాటా మాంసం ఇస్తామంటారు. తుపాకి మనది కాదు, ఉచ్చు మనది కాదు, మనకేం పోయిందిలే అనుకుంటాడు రైతు. సరిగ్గా ఇక్కడే పొరపాటు పడుతున్నారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అంటే చంపడం ఒక్కటే అనలేదు. 2వ సెక్షన్‌లో వేటకు ఇచ్చిన అర్థంలో విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడంతో పాటు ఎర వేయడం కూడా ఉంది. అందుకు ప్రయత్నించినా వేటే. అంటే దుప్పి పడకపోయినా, తెలిసి పండ్లు పోసినవాడు వేటాడినవాడి కిందే లెక్క. ఇది నా పట్టా భూమి అంటే చెల్లదు. చట్టం అడవికీ పొలానికీ ఒకటే. మామూలుగా 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఈ జరిమానా అంతకుముందు 25 వేలు ఉండేది, 2022 సవరణతో పెంచారు. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువైతే జైలు 3 ఏళ్లకు తగ్గదు, 7 ఏళ్ల దాకా పోవచ్చు. వాటా మాంసం ఇంట్లో దొరికితే అది అక్రమంగా తెచ్చింది కాదని నిరూపించుకోవలసింది మీరే.

చెట్టు కింద కాయ దానంతటది రాలి ఉండడం నేరం కాదు, దానికి భయపడనక్కర్లేదు. ఎరగా పోయడమే నేరం. కాకపోతే మీరు పోసిన గుట్ట పక్కన ఇంకొకడు ఉచ్చు పన్నితే, ఆ గుట్ట ఎందుకు పోశావని మిమ్మల్నే అడుగుతారు.

పంట తింటున్నాయి, మా గోడు ఎవరికి చెప్పుకోవాలని అడిగే రైతు మాటలో న్యాయం లేకపోలేదు. నష్టం జరిగితే పంట అలాగే ఉండగా అటవీ సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి పంచనామా చేయించుకోవాలి. పంట నాశనం చేసే కొన్ని జంతువులను చంపడానికి అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఉంది. అదీ కాగితం మీద ఉండాలి. నోటిమాట పనికిరాదు.

ఎరకు కళ్లుండవు. 2020 మే 27న కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో చూలు ఏనుగు ఒకటి పేలుడు మందు కూరిన కాయ కొరికి, నోరు ఛిద్రమై, ఏటి నీళ్లలో నిలబడి ప్రాణం విడిచింది. మొదట అనాస పండన్నారు, తర్వాత దర్యాప్తులో కొబ్బరికాయ అని తేలింది. మన దగ్గర పందుల కోసం పెట్టిన నాటుబాంబు కొరికి దవడ పోగొట్టుకునేది మేతకు వెళ్లిన ఆవే. ఇక ఎర దగ్గర కరెంటు తీగ లాగితే రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషికే ముప్పు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ ఆపిల్ పండ్లు పోసి జింకలను కొడతారని చెబుతుంటారు. నిజమే, అక్కడ లైసెన్సు మీద వేట ఉంది. అయినా కొన్ని రాష్ట్రాలు ఎరను ఒప్పుకోవు. ఒకే కుప్ప మీద మూతులు పెట్టి మేసే జింకలకు ఒకదాన్నుంచి ఇంకోదానికి మెదడును తినేసే జబ్బు అంటుకుంటుందని మిషిగన్ రాష్ట్రం తన దక్షిణ భాగంలో 2019లో ఎర నిషేధించింది.

మరి కాయలు ఏం చెయ్యాలి? రెండడుగుల లోతు గుంట తీసి పూడ్చండి. ఇది దుప్పి కోసం కాదు, మీ తోట కోసమే. రాలిన కాయలోనే పండు ఈగ పురుగు పెరుగుతుంది, అది మట్టిలోకి దిగి ఈగై మళ్లీ చెట్టు మీది కాయకు పడుతుంది. గుంట తవ్వలేకపోతే నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి కొన్ని రోజులు ఎండలో పెట్టినా పురుగు చస్తుంది. తర్వాత పేడతో కలిపి పెంటకు వేసుకోవచ్చు. పశువులకు పెట్టదలిస్తే బాగున్నవి ఏరి, టెంక తీసి, ముక్కలు కోసి, ఎండుమేతతో పాటు కొద్దికొద్దిగా పెట్టండి. గంపెడు ఒక్కసారే తింటే కడుపు పులిసి పడిపోతాయి. టెంక గొంతుకు అడ్డం పడిందంటే డాక్టరు వచ్చేలోపు పశువు దక్కకపోవచ్చు.