సాఫ్ట్‌వేర్ బృందాల్లో పని: అపోహలు, వాస్తవాలు

సాఫ్ట్‌వేర్ తయారీ అంటే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ కొట్టడమేనని చాలామంది నమ్మకం. ఆ రంగంలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలోనూ కొందరు అలాగే లెక్కలు వేస్తారు. నిజానికి కోడ్ రాయడం కంటే ఏం రాయాలో తేల్చుకోవడానికి, ఇదివరకు ఎవరో రాసినదాన్ని అర్థం చేసుకోవడానికి, అందరికీ ఒకే అర్థం తోచేదాకా మాట్లాడుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. బృందాల్లో రోజూ కనిపించే చిరాకులు చాలావరకు ఈ సంగతి లెక్కలోకి రాకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఎక్కువ కోడ్ రాసినవారే ఎక్కువ పని చేసినట్టు.

1982లో ఆపిల్ సంస్థలో లీసా కంప్యూటర్ తయారవుతున్న రోజుల్లో, ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఇంజనీర్లు వారంవారం ఒక ఫారంలో నింపాలని మేనేజర్లు నియమం పెట్టారు. తెర మీద బొమ్మలు గీసే క్విక్‌డ్రాను రాసిన బిల్ అట్కిన్సన్ అప్పుడే అందులో ఒక భాగాన్ని మరింత సులువైన పద్ధతిలో తిరగరాశారు. దాని వేగం దాదాపు ఆరు రెట్లు పెరిగింది, కోడ్ సుమారు 2,000 లైన్లు తగ్గింది. ఫారంలో ఆయన ‘మైనస్ 2,000’ అని నింపారు. కొన్ని వారాల తర్వాత ఆయన్ని ఫారం అడగడం మానేశారు. ఇప్పుడు లైన్ల బదులు మూసిన టికెట్లనూ, పని పరిమాణాన్ని బట్టి వేసే స్టోరీ పాయింట్లనూ లెక్కపెట్టే చోట్లున్నాయి. పాయింట్లను బట్టి రేటింగ్ ఇస్తే పెరిగేవి పాయింట్లే.

అపోహ: ఎస్టిమేట్ అంటే మాట ఇచ్చినట్టే.

‘రిపోర్టు పేజీలో డౌన్‌లోడ్ బటన్ పెట్టాలి, ఎన్ని రోజులు?’ అని అడిగితే ‘ఒక రోజు’ అని చెప్పేయడం తేలిక. బటన్ నిజంగానే ఒక పూటలో వస్తుంది. ఆ తర్వాతే అసలు పని బయటపడుతుంది. లక్ష వరుసల రిపోర్టు అడిగేసరికి సర్వర్ మధ్యలో ఆగిపోతుంది. ఒక శాఖ ఉద్యోగికి ఇంకో శాఖ జీతాల వివరాలు కూడా దిగిపోతున్నాయని టెస్టింగ్‌లో తేలుతుంది. ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు ఉండాల్సిన చోట అర్థంకాని గుర్తులు వస్తాయి. ఫైలు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే మూడు బైట్ల గుర్తు మొదట్లో పెడితే గానీ అవి సరికావు. ఒక రోజన్న పని వారం దాటుతుంది. చెప్పినవారు అబద్ధం చెప్పలేదు, బద్ధకించనూ లేదు. అడిగిన క్షణంలో ఎవరికీ తెలియని విషయాలు అందులో ఉన్నాయి.

స్క్రమ్ పద్ధతికి మూలగ్రంథమైన స్క్రమ్ గైడ్ కూడా 2011లో ఈ విషయం సరిచేసుకుంది. స్ప్రింట్‌కు, అంటే కొద్ది వారాల నిర్ణీత గడువుకు, ఎంచుకున్న పనులను అంతకుముందు బృందం ఇచ్చే హామీగా చెప్పేవారు. ఆ సవరణలో దాన్ని ముందస్తు అంచనాగా మార్చారు. అంచనా చెప్పేవారు ఒకే అంకె బదులు ‘రెండు నుంచి ఐదు రోజులు, అనుమతుల సంగతి తేలితే కచ్చితంగా చెప్పగలం’ అనడం మంచిది. ఆలస్యమవుతోందని తెలిసిన రోజే చెప్పాలి. గడువు ముందురోజు రాత్రి చెబితే ఎదుటివారికి చేయగలిగిందేమీ మిగలదు.

అపోహ: పని వెనకబడితే మనుషుల్ని పెంచాలి.

ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి ఫ్రెడ్ బ్రూక్స్ నాయకత్వం వహించారు. 1963 నుంచి 1966 దాకా దాని మీద సుమారు 5,000 మంది ఒక ఏడాది చేసేంత శ్రమ పడిందని ఆయన అంచనా. ఆ అనుభవంతో 1975లో వెలువరించిన ‘ది మిథికల్ మ్యాన్ మంత్’లో, ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందని తేల్చారు. దీనికే బ్రూక్స్ నియమమని పేరు వచ్చింది.

కొత్తగా చేరినవారి మొదటి వారం చూస్తే కారణం తెలుస్తుంది. ల్యాప్‌టాప్ వచ్చినా డేటాబేస్ యాక్సెస్ రాదు. యాక్సెస్ వచ్చినా ప్రోగ్రామ్ తమ మెషీన్‌లో నడవదు, ఎందుకంటే సెటప్ డాక్యుమెంటులో ఉన్నది పాత వెర్షన్. ప్రతి సందేహానికీ సీనియర్ దగ్గరికే వెళ్లాలి. ఆ సీనియరే గడువుతో పరుగు తీస్తున్న మనిషి. పని గురించి నేర్పే కెటి సెషన్ల కోసం రోజుకు రెండు గంటలు ఆయన పనిలోంచే పోతాయి. పైగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు ఐదుగురిలో 10 ఉంటే పదిమందిలో 45, ఇరవైమందిలో 190 అవుతాయి. తన నియమం విషయాన్ని బాగా సరళం చేసి చెప్పిందేనని బ్రూక్స్ స్వయంగా ఒప్పుకున్నారు. పని మొదట్లోనే, విడివిడిగా పంచుకోగల భాగాలుంటే మనుషుల్ని చేర్చడం మేలే చేస్తుంది. రిలీజ్‌కు మూడు వారాల ముందు మాత్రం పని తగ్గించుకోవడమో గడువు జరపడమో నయం.

అపోహ: ఇక్కడ రాత్రయితే అక్కడ పగలు, కాబట్టి 24 గంటలూ పని సాగుతుంది.

అమెరికా క్లయింట్లతో పనిచేసే హైదరాబాద్ బృందాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. రెండు చోట్లా పని జరిగే మాట నిజమే, ఆగిపోయేది ప్రశ్న. ‘క్యాన్సిల్ చేసిన ఆర్డర్లు కూడా మొత్తంలో కలపాలా?’ అని ఉదయం 11 గంటలకు మెయిల్ పెడితే జవాబు సాయంత్రం ఏడు దాటాకే వస్తుంది. ఆ జవాబులో ఇంకో సందేహం ఉంటే మరో రోజు పోయినట్టే. అందుకే ఒట్టి ప్రశ్న అడిగి ఊరుకోకుండా, ఉన్న మార్గాలు రాసి, ‘ఈలోగా మొదటి మార్గంలో వెళ్తున్నాం, కాదంటే చెప్పండి’ అని జోడించే బృందాలు తక్కువ నష్టపోతాయి. భారతదేశంలో గడియారాలు ఏడాదంతా మారవు, అమెరికాలో మారతాయి. న్యూయార్క్ ఉదయం పదింటి కాల్ హైదరాబాద్‌లో వేసవిలో రాత్రి ఏడున్నరకు, నవంబరు నుంచి మార్చి దాకా ఎనిమిదిన్నరకు పడుతుంది. ఆ అదనపు గంటను ప్రతిసారీ ఒకే వైపు భరించాలనడం న్యాయం కాదు.

స్క్రమ్ లాంటి పద్ధతుల ఉమ్మడి పేరైన అజైల్ అంటే డాక్యుమెంట్లు అక్కర్లేదన్నది కూడా అపోహే. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది కలిసి రాసిన అజైల్ ప్రకటన, పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంట్ల కంటే ఎక్కువ విలువ ఇచ్చింది గానీ వాటికి విలువ లేదనలేదు. రోజూ జరిగే స్టాండప్ కూడా మేనేజర్‌కు హాజరు వేయించుకునే సమావేశం కాదు. ఆ రోజు పని ఎలా సాగాలో డెవలపర్లు తమలో తాము సర్దుకోవడానికి పెట్టుకున్న పదిహేను నిమిషాలవి. నిన్నేం చేశారు, ఇవాళేం చేస్తారు, అడ్డేముంది అన్న మూడు ప్రశ్నలు 2020 స్క్రమ్ గైడ్‌లో లేనే లేవు.

అపోహ: ఒకచోట నడిచిన కోడ్‌ను మళ్లీ టెస్ట్ చేయక్కర్లేదు.

ఏరియాన్ 5 రాకెట్ 1996 జూన్ 4న తొలిసారి ఎగిరి, నిమిషం గడవకముందే పేలిపోయింది. దాని దిశను చూసే వ్యవస్థలోని కోడ్ ఏరియాన్ 4లో ఏ ఇబ్బందీ లేకుండా నడిచినదే. కొత్త రాకెట్ అడ్డంగా ఎక్కువ వేగం అందుకోవడంతో, ఒక 64 బిట్ల సంఖ్య 16 బిట్ల చోటులో పట్టక ఆ వ్యవస్థ ఆగిపోయింది. అంతకన్నా బాధ కలిగించే విషయం, ఆ లెక్క ఏరియాన్ 5కు నేల వదిలాక అవసరమే లేదు. కోడ్ మారకపోయినా చుట్టూ ఉన్నది మారింది. ‘నా మెషీన్‌లో బాగానే ఉంది’ అన్నప్పుడు జరిగేదీ ఇదే. ఈ తేడా పట్టుకునే భారం టెస్టర్ ఒక్కరిదే అనుకోవడం తప్పు. కోడ్ రివ్యూలో ఇరవై లైన్ల మార్పుకు పది వ్యాఖ్యలు, 1,500 లైన్ల మార్పుకు రెండు నిమిషాల్లో ‘ఓకే’ వస్తుంటే అక్కడ రివ్యూ జరగనట్టే. మార్పులను చిన్నవి చేసి పంపడమే దానికి మందు.

అపోహ: తప్పు చేసినవారిని పట్టుకుంటే సమస్య తీరుతుంది.

2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ వ్యాపార సంస్థ సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఎనిమిదో దానిలో ఎన్నో ఏళ్ల కిందట వాడకం మానేసిన పాత కోడ్ మేల్కొని వరసగా ఆర్డర్లు పంపింది. కాపీ చేయడం మరిచింది ఒకరే. కానీ ఇంకొకరు సరిచూడాలనే నియమం అక్కడ లేదు, పాత కోడ్‌ను ఎవరూ తీసెయ్యలేదు, ఆ ఉదయం మార్కెట్ తెరవకముందే వచ్చిన హెచ్చరిక మెయిళ్లను ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కరిని బాధ్యుణ్ని చేస్తే మిగతా మూడూ అలాగే ఉంటాయి. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయాక జరిపే సమీక్షలో ‘ఎవరు’ అన్న ప్రశ్న ముందు వస్తే జనం లాగ్‌లు చూపించడానికే జంకుతారు. ఏ సమయానికి ఏం జరిగింది, అప్పుడు ఎవరికి ఏం కనిపించింది, ఏ తనిఖీ ఉంటే అది అక్కడే ఆగేది అన్న వరసలో సాగే సమీక్షలో తప్పు చేసిన మనిషే అందరికన్నా ఎక్కువ వివరాలు ఇస్తారు. అందులో తేలిన పనులకు ఒక పేరు, ఒక తేదీ పెట్టి వచ్చే స్ప్రింట్‌లో చేర్చాలి. లేకపోతే ఆ నివేదికను తర్వాతి ప్రమాదం దాకా ఎవరూ తెరవరు.